అండాశయ క్యాన్సర్: ఎందుకు వస్తుంది, ఎక్కడ మొదలవుతుంది?

ఎలుకకు అండాశయ క్యాన్సర్ తనంతట తానుగా రావడం అరుదు. ఆవుకైనా, మేకకైనా అంతే. మనిషికి వచ్చే రకానికి దగ్గరగా ఉండే క్యాన్సర్, ఎవరూ ఏ మందూ ఎక్కించకుండానే, తరచుగా కనబడే జీవి పరిశోధకులకు ఒకటి దొరికింది. అది గుడ్లు పెట్టే కోడి.

మన కోళ్లఫారాల రైతులకు ఈ సంగతి తెలిసే అవకాశం తక్కువ. లేయర్ కోడి ఏడాదిన్నర దాటి గుడ్లు తగ్గించగానే దాన్ని అమ్మేస్తారు. ప్రయోగశాలల్లో అదే కోడిని మూడేళ్లు, నాలుగేళ్లు పెంచి చూస్తే జబ్బు బయటపడింది. అడవికోడి ఏడాదికి పదో పదిహేనో గుడ్లు పెడుతుంది. పెరట్లో తిరిగే నాటుకోడి కొన్ని గుడ్లు పెట్టాక పొదుగుకు కూర్చుంటుంది. పొదిగినన్నాళ్లూ, పిల్లల్ని వెంటేసుకు తిరిగినన్నాళ్లూ మళ్లీ గుడ్డు పెట్టదు. ఫారం కోడికి ఆ విరామం లేదు. పొదుగుడు గుణం పోయేలా తరాల తరబడి ఎంపిక చేసిన జాతి అది. ఏడాదికి 300 గుడ్లు దాటుతుంది. జన్యులోపం వల్ల గుడ్డు సరిగా విడుదల చేయలేని ఒక రకం లెగ్‌హార్న్ కోళ్లను, అదే వయసున్న మామూలు కోళ్లతో పోల్చి చూశారు. గుడ్లు పెట్టని వాటిలో అండాశయ క్యాన్సర్ చాలా తక్కువగా కనిపించింది.

అంటే అండం విడుదల కావడానికీ ఈ క్యాన్సర్‌కీ ఏదో లంకె ఉండాలి. ప్రపంచంలో ఏటా సుమారు 3 లక్షల 24 వేల మంది స్త్రీలకు, మన దేశంలో సుమారు 47 వేల మందికి ఈ జబ్బు కొత్తగా బయటపడుతోంది. రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ల తర్వాత మన దేశపు స్త్రీలలో ఎక్కువగా కనిపించేది ఇదే. పై రెండింటికీ ముందుగా పట్టుకునే పరీక్షలున్నాయి. దీనికి లేవు. అందుకే కారణాలు తెలుసుకోవడం ఇక్కడ మరింత అవసరం.

నెలనెలా ఒక గాయం

రజస్వల అయ్యేనాటికి అమ్మాయి అండాశయాల్లో మూడు నాలుగు లక్షల అండాలుంటాయి. జీవితం మొత్తం మీద బయటికి వచ్చేవి మాత్రం నాలుగు వందలకు అటూ ఇటూ. ప్రతి నెలా ఒక అండం, తన చుట్టూ ఉన్న నీటి సంచిలో పెరిగి, ఆ సంచి రెండు సెంటీమీటర్ల వరకూ ఉబ్బాక, అండాశయం గోడను చీల్చుకుని బయటపడుతుంది. చీలిక పడాలంటే అక్కడి గోడ ముందు మెత్తబడాలి. దానికోసం శరీరమే కొన్ని రసాయనాలను, ఎంజైములను విడుదల చేస్తుంది. కొద్దిగా రక్తం కారుతుంది, వాపు వస్తుంది. తర్వాత చుట్టుపక్కల కణాలు గబగబా విభజన చెంది ఆ చీలికను పూడుస్తాయి. మరుసటి నెల మళ్లీ ఇదే తంతు.

కణం విభజన చెందిన ప్రతిసారీ లోపలున్న డీఎన్ఏ మొత్తాన్ని తిరిగి రాసుకోవాలి. అందులో తప్పులు దొర్లుతాయి. చాలా తప్పులను కణమే సరిదిద్దుకుంటుంది, కొన్ని మిగిలిపోతాయి. వాపు ఉన్నచోట పుట్టే రసాయనాలు డీఎన్ఏని నేరుగా కూడా దెబ్బతీస్తాయి. 1971లో ఈజిప్టు వైద్యుడు మహమూద్ ఫతల్లా లాన్సెట్ పత్రికలో ఒక చిన్న వ్యాసం రాస్తూ, ఎడతెరిపి లేని అండ విడుదలే ఈ క్యాన్సర్‌కు మూలం కావచ్చా అని అడిగారు. అప్పటికి అది ప్రశ్న మాత్రమే. తర్వాత పోగైన లెక్కలు ఆ ప్రశ్నకు బలమిచ్చాయి.

మన ఇళ్లలోనే ఆ లెక్క వేసి చూడవచ్చు. మన అమ్మమ్మల తరంలో ఆరేడు కాన్పులు మామూలు. ఒక్కో బిడ్డకు తొమ్మిది నెలల గర్భం, ఆపైన ఏడాది పాటు రొమ్ముపాలు. బిడ్డకు ఎడతెగకుండా పాలిచ్చే నెలల్లో చాలామందికి అండం విడుదల కాదు. కాన్పుకు ఇరవై నెలలనుకున్నా ఏడు కాన్పులకు దాదాపు 140 అండాలు విడుదల కాకుండా ఆగాయి. ఇప్పటి ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో ఒక్కో స్త్రీకి సగటున ఇద్దరు పిల్లలైనా లేరు. ఆఫ్రికాలోని మాలి దేశపు దోగన్ తెగ స్త్రీలను ఏళ్ల తరబడి గమనించిన మానవశాస్త్రవేత్త బెవర్లీ స్ట్రాస్‌మన్, వాళ్లకు జీవితకాలంలో వచ్చే ముట్లు నూరుకు కాస్త అటూ ఇటూ మాత్రమేనని లెక్కగట్టారు. నేటి పట్టణ స్త్రీకి అంతకు నాలుగింతలు.

ఇందులో నింద ఎవరి మీదా లేదు. ఎక్కువ కాన్పులు ఆ తరం స్త్రీల ఆరోగ్యాన్ని ఎంత పిండేశాయో, ఎందరిని పురిటి మంచం మీదే పొట్టన పెట్టుకున్నాయో మనకు తెలుసు. క్యాన్సర్ భయంతో పిల్లల్ని కనమని ఏ వైద్యుడూ చెప్పడు. శరీరంలో ఏం జరుగుతోందో అర్థం చేసుకోవడానికే ఈ లెక్క.

గర్భనిరోధక మాత్రలు అండం విడుదలను ఆపుతాయి. మరి అవి వాడేవారికి ఈ క్యాన్సర్ తగ్గాలి కదా? తగ్గింది. 2008లో 21 దేశాల్లో జరిగిన 45 అధ్యయనాలను, 23 వేల మందికి పైగా రోగుల వివరాలను ఒకచోట చేర్చి చూశారు. మాత్రలు వాడిన ప్రతి ఐదేళ్లకూ ముప్పు సుమారు 20 శాతం చొప్పున తగ్గుతూ వచ్చింది. పదిహేనేళ్లు వాడినవారిలో సగానికి పడిపోయింది. మానేసిన ముప్పై ఏళ్ల తర్వాత కూడా ఆ రక్షణ కొంత మిగిలే ఉంది. కానీ రక్తం గడ్డకట్టడం వంటి ప్రమాదాలు మాత్రలతోనూ ఉన్నాయి. క్యాన్సర్ నివారణ కోసమని ఎవరికి వారు కొని మింగే మందు కాదది.

ఇక్కడే ఇంకో చిక్కు కూడా ఉంది. ఒక గర్భం వల్ల ఆగే అండాలు తొమ్మిదో పదో, అంటే జీవితకాలపు మొత్తంలో రెండు మూడు శాతం. కానీ ఒక్క కాన్పుకే ముప్పు పది శాతం, అంతకంటే ఎక్కువ కూడా తగ్గుతోంది. కేవలం గాయాల లెక్కతో ఇది తేలదు. గర్భం సమయంలో ప్రొజెస్టెరాన్ హార్మోన్ బాగా పెరుగుతుంది. గర్భనిరోధక మాత్రల్లోనూ అలాంటిదే ఉంటుంది. మకాక్ కోతులకు ఆ రకం హార్మోన్ ఇచ్చి చూసినప్పుడు, అండాశయం పైపొర కణాలు మామూలు కంటే ఎక్కువగా తమంతట తాము చనిపోవడం మొదలుపెట్టాయి. అప్పటికే డీఎన్ఏ దెబ్బతిని ఉన్న కణాలు ఇలా తుడిచిపెట్టుకుపోతున్నాయని, అందుకే రక్షణ లెక్కకు మించి దక్కుతోందని చాలామంది పరిశోధకుల నమ్మకం. నాకూ ఈ వివరణే సబబుగా తోస్తుంది.

లెక్క కుదరని చోటు

పిల్లలు పుట్టకుండా చేసే కుటుంబ నియంత్రణ ఆపరేషన్‌ను తీసుకోండి. అందులో అండవాహికలను, అంటే ఫెలోపియన్ ట్యూబులను, మధ్యలో ముడివేసి చిన్న ముక్క కత్తిరిస్తారు. అండాశయాల జోలికి పోరు. ఆపరేషన్ తర్వాత కూడా అండం నెలనెలా విడుదలవుతూనే ఉంటుంది, ముట్లు యథావిధిగా వస్తాయి. గాయాల సంఖ్య ఒక్కటి కూడా తగ్గదు. అయినా ఆ ఆపరేషన్ చేయించుకున్నవారిలో అండాశయ క్యాన్సర్ గణనీయంగా తక్కువ.

కారణం అండాశయంలోనే ఉంటే ఇలా జరగకూడదు. గొట్టం మూసేస్తే దూరాన ఉన్న అండాశయానికి ఎందుకు మేలు జరుగుతోంది?

జవాబు వెతుకుతున్న సమయంలో వేరే దారిలో ఒక ఆధారం దొరికింది. వంశపారంపర్యంగా ఈ క్యాన్సర్ ముప్పు ఎక్కువగా ఉన్న కొందరు స్త్రీలు, జబ్బు రాకముందే అండాశయాలనూ వాహికలనూ తీయించుకోవడం మొదలుపెట్టారు. తీసిన భాగాలను పరీక్షించేటప్పుడు పాథాలజీ వైద్యులు అంతవరకూ అండాశయాన్నే శ్రద్ధగా కోసి చూసేవారు. వాహిక నుంచి ఒకటి రెండు ముక్కలు తీసుకుని సరిపెట్టేవారు. 2001లో నెదర్లాండ్స్ బృందం ఒకటి వాహికలను కూడా జాగ్రత్తగా చూసింది. క్యాన్సర్‌కు తొలిమెట్టు లాంటి మార్పులు వాళ్లకు వాహికల్లో కనిపించాయి. అటుపైన అమెరికాలోని బోస్టన్‌లో క్రిస్టొఫర్ క్రమ్ బృందం వాహిక చివరి భాగాన్ని మొత్తంగా, పలుచటి పొరలుగా కోసి చూసే పద్ధతిని తెచ్చింది. అలా చూసినకొద్దీ తొలిదశ కణుతులు బయటపడసాగాయి. అవి ఎక్కువగా ఉన్నది అండాశయంలో కాదు, వాహిక కొసన.

కుచ్చుల్లో దాగిన మొదలు

వాహికకు అండాశయం వైపున్న కొస వేళ్లవంటి కుచ్చులుగా విచ్చుకుని ఉంటుంది. అండం విడుదలయ్యే సమయానికి ఆ కుచ్చులు అండాశయాన్ని తడుముతూ దగ్గరికొచ్చి, బయటపడిన అండాన్ని అందుకుని లోపలికి పంపుతాయి. అండంతో పాటు సంచిలోని నీరు కూడా వాటి మీద పడుతుంది. ఆ నీటిలో వాపు కలిగించే రసాయనాలు, కణాల పెరుగుదలను రెచ్చగొట్టే పదార్థాలు, రక్తం నుంచి వచ్చిన ఇనుము ఉంటాయి. గోడ చీలేది అండాశయానికే అయినా, ఆ చీలిక తాలూకు నీటిలో నెలనెలా నానేవి కుచ్చుల మీది కణాలు. ఫతల్లా ప్రశ్న తప్పు కాలేదు. దెబ్బ తగిలే చోటు పక్కనున్న అవయవమని తేలింది.

తర్వాతి మెట్లు ఇలా నడుస్తాయి. కుచ్చుల మీది ఒక కణంలో పీ53 అనే జన్యువు చెడుతుంది. డీఎన్ఏ దెబ్బతిన్న కణాన్ని ఆపడం, అవసరమైతే చంపడం ఆ జన్యువు పని. అది చెడితే, చావాల్సిన కణం బతికిపోతుంది. అలాంటి కణాలు పది, ఇరవై ఒకచోట చేరి ఏళ్ల తరబడి ఏమీ చేయకుండా ఉండవచ్చు. ఆరోగ్యంగా ఉన్న స్త్రీలలో కూడా ఇవి కనిపిస్తాయి. వాటిలో ఏదో ఒక గుంపు మరిన్ని జన్యువులను పోగొట్టుకుని చిన్న కణితిగా మారుతుంది. 2017లో అమెరికా శాస్త్రవేత్తలు కొందరు రోగుల కణుతుల్లోని జన్యుమార్పులను వరుసగా పేర్చి లెక్క కట్టారు. వాహికలోని ఆ చిన్న కణితి అండాశయ క్యాన్సర్‌గా ఎదగడానికి సగటున ఆరున్నరేళ్లు పట్టింది. అండాశయానికి చేరాక మాత్రం కడుపంతా పాకడానికి సగటున రెండేళ్లే.

కుచ్చుల నుంచి ఊడిన కణాలు అండాశయం మీద పడతాయి. అక్కడ అండం చీల్చుకు వచ్చిన తాజా గాయం ఉంటే అందులో చిక్కుకుని పెరుగుతాయి. జబ్బు బయటపడే వేళకు అండాశయంలో పెద్ద గడ్డ, కుచ్చుల్లో కంటికి కనబడనంత చిన్న మూలం. వైద్యులు తరాల పాటు గడ్డనే చూసి, దానికే ఆ పేరు పెట్టారు. పదహారో శతాబ్దంలో ఇటలీ వైద్యుడు గాబ్రియేలె ఫలోపియో ఈ గొట్టాలను వర్ణించాక ఈ సంగతి గ్రహించడానికి నాలుగు వందల ఏళ్లు పైబడ్డాయి.

■ అండాశయ క్యాన్సర్ ఒక్కటి కాదు
వాహిక కుచ్చుల కథ ప్రధానంగా ఒక రకానిది. వైద్యులు దాన్ని హైగ్రేడ్ సీరస్ అంటారు. అండాశయం పొరల నుంచి వచ్చే క్యాన్సర్లలో ఎక్కువ భాగం ఇదే, ఎక్కువ ప్రాణాలు తీసేదీ ఇదే. ఎండోమెట్రియాయిడ్, క్లియర్ సెల్ అనే మరో రెండు రకాలు చాలాసార్లు ఎండోమెట్రియోసిస్ (దీని వివరం కింద వస్తుంది) ఉన్నచోట పుడతాయి. మ్యూసినస్ అనే రకానికి పొగతాగడంతో సంబంధముంది. ఆడపిల్లల్లో, యువతుల్లో అండకణాల నుంచే వచ్చే కణుతులు వీటికి పూర్తిగా వేరు. వాటిలో చాలా భాగం కీమోథెరపీతో నయమవుతాయి.

మేనత్తను మరిచిపోవద్దు

ఒక స్త్రీకి జీవితకాలంలో అండాశయ క్యాన్సర్ వచ్చే అవకాశం పాశ్చాత్య దేశాల్లో నూటికి ఒకటి, మన దేశంలో అంతకంటే తక్కువ. కొన్ని కుటుంబాల్లో మాత్రం ఇది ఎన్నో రెట్లు ఎక్కువ. 1990లో మేరీ-క్లెయిర్ కింగ్ అనే అమెరికా శాస్త్రవేత్త అలాంటి కుటుంబాలను అధ్యయనం చేసి, లోపం 17వ క్రోమోజోము మీద ఉందని చూపించారు. ఆ జన్యువు బీఆర్‌సీఏ-1. తర్వాత కొన్నేళ్లకే బీఆర్‌సీఏ-2 దొరికింది. లోపమున్న దాదాపు పదివేల మంది స్త్రీలను గమనించి 2017లో వెలువడిన అంచనా ప్రకారం, 80 ఏళ్లు వచ్చేసరికి బీఆర్‌సీఏ-1 లోపమున్నవారిలో నూటికి 44 మందికి, బీఆర్‌సీఏ-2 లోపమున్నవారిలో నూటికి 17 మందికి అండాశయ క్యాన్సర్ వస్తుంది. రొమ్ము క్యాన్సర్ ముప్పు ఇంకా ఎక్కువ.

ఈ జన్యువులు చేసే పనేమిటి? మగ్గం మీద పడుగులో ఒక పోగు తెగితే నేతగాడు రెండు కొసలూ పట్టుకుని పురి వేసి అతికేస్తాడు. ఒకేచోట ఎన్నో పోగులు ఒక్కసారిగా తెగితే ఏ కొస దేనిదో తెలియదు. అప్పుడు అదే నమూనాతో ఉన్న ఇంకో పడుగును పక్కన పెట్టుకుని, రంగుకు రంగు సరిచూసుకుంటూ కలపాలి. అంత ఓపిక లేనివాడు దొరికిన కొసను దొరికిన కొసకు ముడేస్తాడు. బట్ట తయారవుతుంది, కానీ అంచు చెదిరిపోతుంది. డీఎన్ఏ రెండు పేటలూ ఒకేచోట తెగినప్పుడు, పక్కనున్న నకలును చూసి తప్పు లేకుండా అతికే పని బీఆర్‌సీఏ జన్యువులది. అవి లేని కణం తెగిన కొసలను అడ్డదిడ్డంగా అతికేస్తుంది. నెలనెలా దెబ్బ తగిలే కుచ్చుల్లో ఇలాంటి అడ్డదిడ్డపు అతుకులు పోగుపడితే ఏమవుతుందో ఊహించవచ్చు.

ప్రతి జన్యువూ మనకు రెండు ప్రతులుగా వస్తుంది, ఒకటి తల్లి నుంచి, ఒకటి తండ్రి నుంచి. ఒకటి చెడ్డదైనా రెండోది పనిచేస్తుంటే చాలు. పుట్టుకతోనే ఒకటి చెడి ఉన్నవారిలో ఏదో ఒక కణంలో రెండోది కూడా చెడితే రక్షణ పూర్తిగా పోతుంది. మిగిలినవారిలో రెండూ చెడాలి, అందుకే వాళ్లకు ముప్పు తక్కువ, వచ్చినా ఆలస్యంగా వస్తుంది.

ఆడవాళ్ల జబ్బు కాబట్టి అమ్మవైపు నుంచే వస్తుందని మన ఇళ్లలో గట్టి నమ్మకం. డాక్టరు అడిగినా అమ్మమ్మ, పిన్ని, పెద్దమ్మల సంగతే చెబుతారు. ఇది పెద్ద పొరపాటు. లోపమున్న జన్యువు తండ్రి నుంచి కూతురికి అంతే సులువుగా వస్తుంది, ఆయనకు ఏ జబ్బూ లేకపోయినా సరే. నాయనమ్మకు రొమ్ము క్యాన్సర్, మేనత్తకు అండాశయ క్యాన్సర్, పెదనాన్నకు ప్రోస్టేట్ క్యాన్సర్ ఉంటే, ఆ మూడింటికీ ఒకే లోపం కారణం కావచ్చు. మేనరికాలున్న ఇళ్లలో రెండువైపుల చుట్టరికాలూ కలిసిపోతాయి కాబట్టి వంశవృక్షం మరింత శ్రద్ధగా గీయాలి. మేనరికం వల్ల ఈ క్యాన్సర్ రాదు, కానీ ఎవరి లోపం ఎటునుంచి వచ్చిందో తేల్చడం కష్టమవుతుంది.

ఇంట్లో ఎవరికైనా అండాశయ క్యాన్సర్ ఉంటే, జన్యుపరీక్ష ముందు ఆ రోగికే చేయించాలి. లోపం దొరికితే అక్కచెల్లెళ్లకూ కూతుళ్లకూ అన్నదమ్ములకూ ఆ ఒక్క లోపం కోసం చూస్తే సరిపోతుంది. రోగికీ లాభముంది, లోపమున్న కణుతులపై పనిచేసే ప్రత్యేక మందులు ఇప్పుడున్నాయి. లోపం బయటపడిన ఆరోగ్యవంతులకు, పిల్లలు చాలనుకున్నాక, బీఆర్‌సీఏ-1 అయితే 35–40 ఏళ్ల మధ్య, బీఆర్‌సీఏ-2 అయితే 40–45 మధ్య వాహికలనూ అండాశయాలనూ తీసేయమని సూచిస్తారు. సినీనటి ఏంజెలినా జోలీ 2015లో చేయించుకున్నది ఈ ఆపరేషనే. ఆమె తల్లి ఇదే క్యాన్సర్‌తో 56 ఏళ్లకు మరణించారు. లించ్ సిండ్రోమ్ అనే మరో వంశపారంపర్య లోపంలో పెద్దపేగు, గర్భాశయ క్యాన్సర్లతో పాటు ఇది కూడా వస్తుంది.

ఎండోమెట్రియోసిస్, హార్మోన్లు, పౌడరు

గర్భసంచి లోపలి పొర కణాలు నెలసరి రక్తంతో పాటు వాహికల గుండా వెనక్కి పోయి, అండాశయాల మీద, కడుపు పొరల మీద అతుక్కుని పెరగడాన్ని ఎండోమెట్రియోసిస్ అంటారు. ముట్టు సమయంలో విపరీతమైన నొప్పి దీని ప్రధాన లక్షణం. క్లియర్ సెల్, ఎండోమెట్రియాయిడ్ క్యాన్సర్లకు ఇది పునాది కావచ్చు. ఎండోమెట్రియోసిస్ నుంచి అండాశయ క్యాన్సర్ పుట్టగలదని అమెరికా వైద్యుడు జాన్ శాంప్సన్ 1925లోనే రాశారు. కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చిక్కుముడిలో ఒక పాయ ఇక్కడ విడిపోతుంది. గొట్టం మూసేస్తే వెనక్కి పోయే దారి మూసుకుపోతుంది. ఈ రెండు రకాల ముప్పు సగానికి తగ్గుతోంది. కుచ్చుల్లో పుట్టే సీరస్ రకం మాత్రం ఐదో వంతే తగ్గుతోంది, ఎందుకంటే ఆపరేషన్లో మధ్యభాగాన్నే కత్తిరిస్తారు, కుచ్చులు అలాగే ఉంటాయి. ఎండోమెట్రియోసిస్ ఉన్నవారిలో కూడా అత్యధికులకు క్యాన్సర్ రాదని గుర్తుంచుకోవాలి.

ముట్లు ఆగిపోయాక హార్మోన్ మందులు వాడితే ముప్పు స్వల్పంగా పెరుగుతుంది. యాభయ్యో ఏట మొదలుపెట్టి ఐదేళ్లు వాడిన వెయ్యి మందిలో ఒకరికి అదనంగా ఈ క్యాన్సర్ వస్తుందని అంచనా. ఊబకాయం ప్రభావం కూడా ఉంది, కానీ చిన్నది. సంతాన సాఫల్య కేంద్రాలు ఇప్పుడు చిన్న పట్టణాల్లోనూ ఉన్నాయి కాబట్టి, అండాలను పెంచే ఇంజెక్షన్ల గురించి చాలామంది భయపడతారు. ఇంతవరకు జరిగిన అధ్యయనాలు ఆ మందులను గట్టిగా తప్పుపట్టలేదు. పిల్లలు కలగకపోవడమే ముప్పును కొంత పెంచే విషయం కావడం వల్ల, మందు ప్రభావాన్ని విడదీసి చూడటం కష్టం.

టాల్కం పౌడరు వివాదం కోర్టుల వల్ల ప్రపంచానికి తెలిసింది. టాల్క్, ఆస్బెస్టాస్ భూమిలో కొన్నిచోట్ల ఒకదాని పక్కన ఒకటి దొరుకుతాయి. ఆస్బెస్టాస్ అండాశయ క్యాన్సర్‌కు కారణమని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ ఇదివరకే తేల్చింది. అదే సంస్థ 2024లో టాల్క్‌ను కూడా బహుశా క్యాన్సర్ కారకమేనన్న జాబితాలో చేర్చింది. రెండున్నర లక్షల మంది స్త్రీల సమాచారంతో 2020లో వెలువడిన అధ్యయనంలో స్పష్టమైన సంబంధం కనబడలేదు. ముప్పు ఉంటే కొద్దిగానే ఉండాలి. అయినా జననాంగాల దగ్గర పౌడరు చల్లుకోవడం వల్ల ఒరిగేదేమీ లేదు కాబట్టి మానేయడమే మంచిది. ముఖానికీ మెడకూ రాసుకునే పౌడరు గురించి ఈ క్యాన్సర్ భయం అక్కర్లేదు.

■ నీటి బుడగలు క్యాన్సర్ అవుతాయా?
స్కానింగ్ రిపోర్టులో నీటి బుడగలని రాయగానే ఇల్లంతా కంగారుపడుతుంది. నెలసరి వచ్చే వయసులో అండం పెరిగే సంచి తాత్కాలికంగా బుడగలా కనిపించడం సహజం. రెండు మూడు నెలల్లో అది తగ్గిపోతుంది. పీసీఓడీలో కనిపించేవి కూడా ఎదగని అండాల సంచులే, క్యాన్సర్‌గా మారే గడ్డలు కావు. లోపల గట్టి భాగాలున్న గడ్డ, ముట్లు ఆగిపోయాక కొత్తగా కనిపించిన గడ్డ, పెరుగుతూ పోయే గడ్డ అయితే మాత్రం నిపుణులకు చూపించాలి.

గర్భసంచి తీసేస్తే భయం పోతుందా?

ఈ ప్రశ్న తెలుగు నేలకు ప్రత్యేకం. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15–49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తొలగింపు జరిగినవారు దేశంలో నూటికి ముగ్గురైతే, ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో ఎనిమిదిమందికి పైనే. తెల్లబట్ట, నడుంనొప్పి, అధిక రక్తస్రావం అని వెళ్లిన నలభై ఏళ్లలోపు స్త్రీకి, ఉంచుకుంటే క్యాన్సర్ అవుతుందని చెప్పడం ఎన్నో ఊళ్లలో జరిగింది. కూలిపనికి వెళ్లే స్త్రీ అప్పుచేసి మరీ ఆపరేషన్ చేయించుకుంది.

ఆ భయానికి శాస్త్రంలో ఆధారం లేదు. గర్భసంచి తీసి అండాశయాలనూ వాహికలనూ ఉంచేస్తే, పైన చెప్పిన కుచ్చులు ఉండనే ఉంటాయి. అవసరం లేకుండా అండాశయాలను కూడా తీసేస్తే ముప్పై ఐదేళ్లకే ముట్లుడిగిన శరీరమవుతుంది. ఎముకలు త్వరగా పలచబడతాయి, గుండెజబ్బులు పెరుగుతాయి. జన్యులోపం లేని స్త్రీకి, నూటికి ఒకరికి కూడా రాని జబ్బుకు ఇంత మూల్యం చెల్లించమనడం అన్యాయం. వైద్యవృత్తి దీన్ని ఆపాలి.

మెరుగైన ఆలోచన ఒకటి కెనడాలోని బ్రిటిష్ కొలంబియా రాష్ట్రంలో 2010లో మొదలైంది. వేరే కారణంతో ఎలాగూ ఆపరేషన్ జరుగుతున్న స్త్రీకి, పిల్లలు ఇక చాలనుకుంటే, వాహికలను ముడివేసి వదిలేయకుండా పూర్తిగా తీసేయండి, అండాశయాలను ఉంచండి అని అక్కడి వైద్యులు ప్రచారం చేశారు. అండాశయాలు ఉంటాయి కాబట్టి హార్మోన్లు ఉంటాయి, కుచ్చులు పోతాయి కాబట్టి క్యాన్సర్ మొలకెత్తే చోటు పోతుంది. అలా చేయించుకున్న 25 వేల మందికి పైగా స్త్రీల వివరాలు 2022లో ప్రచురించారు. మామూలు లెక్కన వాళ్లలో ఐదు సీరస్ క్యాన్సర్లు రావాలి. ఒక్కటీ రాలేదు. ఇంకా చిన్న వయసువాళ్లే కాబట్టి మరికొన్నేళ్లు చూడాలి, కానీ దారి సరైనదేనన్న నమ్మకం బలపడింది.

పైన చెప్పిన కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్ వివాహితల్లో నూటికి దాదాపు 70 మంది, తెలంగాణలో 60 మందికి పైగా కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించుకున్నారు. దేశపు సగటు 38. అంటే వాహికల దగ్గరికి సర్జన్ కత్తి చేరే అవకాశం మన రాష్ట్రాల్లో మరెక్కడా లేనంత ఎక్కువ. వాహికలను పూర్తిగా తీసేస్తే మళ్లీ గొట్టాలు కలిపించుకునే వీలుండదు. మనవాళ్లు చాలామంది పాతికేళ్ల లోపే ఈ ఆపరేషన్‌కు వెళుతున్నారు కాబట్టి తొందరపడి అందరికీ చేయమనడం సరికాదు. నలభై దాటి, నిజంగా అవసరమై గర్భసంచి తీయించుకుంటున్న స్త్రీ మాత్రం తన వాహికల గురించి డాక్టరును అడిగి తీరాలి.

పరీక్ష ఎందుకు పనిచేయడం లేదు

సీఏ-125 అనే రక్తపరీక్ష, స్కానింగ్ ఏడాదికోసారి చేయిస్తే ముందే పట్టుకోవచ్చు కదా అని ఎవరికైనా అనిపిస్తుంది. బ్రిటన్‌లో రెండు లక్షల మందికి పైగా స్త్రీలపై, 2001లో మొదలుపెట్టి, ఇదే పరీక్షించారు. 2021లో తుది ఫలితం వచ్చింది. పరీక్షలు చేయించుకున్నవారిలోనూ చేయించుకోనివారిలోనూ మరణాలు ఒకే తీరుగా ఉన్నాయి. కారణం మనకు ఇప్పుడు తెలుసు. జబ్బు ఆరేడేళ్లు గడిపేది వాహిక కుచ్చుల్లో, మిల్లీమీటర్ల పరిమాణంలో. అప్పుడు అది స్కానింగ్‌కు కనబడదు, రక్తంలో జాడ వదలదు. కనబడే పరిమాణానికి వచ్చాక పరుగు మొదలవుతుంది.

పైగా సీఏ-125 క్యాన్సర్ ఒక్కదానితోనే పెరగదు. ముట్టు సమయంలో, గర్భంలో, ఎండోమెట్రియోసిస్‌లో, మన దేశంలో ఎక్కువగా ఉండే కడుపు క్షయలో కూడా పెరుగుతుంది. కడుపు క్షయలో నీరు చేరి, బరువు తగ్గి అచ్చం క్యాన్సర్ లాగే కనిపిస్తుంది. ఒక్క రక్తపరీక్ష కాగితం చూసి ఎవరూ కుప్పకూలిపోకూడదు.

ఏ లక్షణమూ లేనివారికి పరీక్షలు పనికిరావు గానీ లక్షణాలున్నవారికి తప్పక కావాలి. కడుపు ఉబ్బరం, నాలుగు ముద్దలకే కడుపు నిండినట్టుండటం, పొత్తికడుపులో నొప్పి, మాటిమాటికీ మూత్రం రావడం, ఈ నాలుగూ ముఖ్యమైనవి. మన దగ్గర వీటన్నిటికీ గ్యాస్ అనే ఒక్క పేరే ఉంది. మందుల షాపు నుంచి గ్యాస్ మాత్ర తెచ్చి మింగుతూ ఆరు నెలలు గడిపేసిన తర్వాత, కడుపులో నీరు చేరాక ఆస్పత్రికి వచ్చే తల్లులు ఎందరో. యాభై దాటిన మీ అమ్మకో అత్తకో ఈ బాధలు కొత్తగా మొదలై, నెలలో పన్నెండు రోజులకు మించి ఉంటున్నాయంటే గ్యాస్ మాత్రలతో ఆగిపోకండి. పొత్తికడుపు స్కానింగ్ చేయించండి, వెళ్లేటప్పుడు అమ్మవైపు, నాన్నవైపు ఎవరెవరికి ఏ వయసులో ఏ క్యాన్సర్ వచ్చిందో ఒక కాగితం మీద రాసి డాక్టరుకు ఇవ్వండి.